పందొమ్మిది సెకన్ల నిశ్శబ్దం

శనివారం, 13 అక్టోబర్ 2007. మధ్యాహ్నం 12.15.

హార్బర్ హాల్ పై గ్యాలరీకి వెళ్ళే ఇనుప మెట్ల కింద ఒక మనిషి పడి ఉన్నాడు. వయసు అరవైకి దగ్గర. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, పాలిష్ చేసిన బూట్లు. ఎవరినో గౌరవంగా కలవడానికి తయారై వచ్చినట్టు ఉన్నాడు. తల కింద రక్తం మాత్రం ఆ ముస్తాబుకి సరిపడలేదు.

మొదట చూసింది కోరస్ మేనేజర్ మార్గరెట్. ఆవిడ కేక విని స్టేజి మీద నుంచి నూట అరవై మంది గాయకులూ ఒక్కసారి తిరిగారు. వాళ్ళలో హెచ్చు స్థాయిలో పాడే సోప్రానో వరసలోంచి ఒకమ్మాయి పరుగెత్తుకొచ్చింది. మోకాళ్ళ మీద కూలబడి మెడ దగ్గర నాడి చూసింది. ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. అంబులెన్స్ వాళ్ళు వచ్చి పక్కకి లాగేదాకా ఆపలేదు.

ఆ అమ్మాయి నర్సు. పేరు రెబెక్కా.

చనిపోయింది ఆమె తండ్రి సుందర్ రాజు.

డిటెక్టివ్ సార్జెంట్ కొమురయ్యకి ఫోన్ వచ్చేసరికి అతను శాండ్రింగ్‌హామ్ కిరాణా కొట్టులో గోంగూర కట్టలు ఏరుతున్నాడు. సెలవు రోజు. కట్టలు కౌంటర్ మీదే వదిలేశాడు. ఇంట్లో దానికి సంజాయిషీ వేరే చెప్పుకోవాలి. వరంగల్‌లో పుట్టి, ఆక్లాండ్ పోలీసుల్లో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాడు. శవాలంటే అలవాటే. సంగీతమంటేనే భయం. భార్య కచేరీకి రమ్మంటే డ్యూటీ ఉందని అబద్ధమాడే రకం.

12.40కి హాల్లో అడుగుపెట్టాడు.

"ఇక్కడ ఏం జరుగుతోంది?" అని మార్గరెట్‌ని అడిగాడు.

"డ్రెస్ రిహార్సల్. రేపు మధ్యాహ్నం రెండున్నరకి ఒరటోరియో. పేరు 'వరద పుస్తకం'. కొత్త రచన. మొదటి ప్రదర్శన."

"ఒరటోరియో అంటే?"

ఆవిడ అతన్ని జాలిగా చూసింది. వేషాలుండవు, తెరలుండవు. కథంతా నిలబడి పాడేస్తారు. నూట అరవై గొంతులు, ఎనభై వాయిద్యాలు, ఏడు భాగాలు, రెండు గంటలు. ఊళ్ళని ముంచిన వరదల కథ. స్వరపరిచింది పీటర్ గ్రేలింగ్.

"ఈ మెట్ల దగ్గరికి ఎవరు వస్తారు?"

"ఎవరూ రారు. చివరి భాగంలో నలుగురు ట్రంపెట్ వాళ్ళు పైకి వెళతారు. అంతే. 11.55కి నేను ఇటు నుంచే వెళ్ళాను. ఏమీ లేదు. 12.15కి మళ్ళీ వచ్చేసరికి..."

ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో ఏం జరిగింది?

కొమురయ్య శవం పక్కన కూర్చున్నాడు. కుడి చేతి మణికట్టు మీద వేళ్ళ గుర్తులు, ఎర్రగా కమిలి ఉన్నాయి. ఎవరో గట్టిగా పట్టుకుని విదిలించారు. జారిపడ్డవాడి చేతికి అలాంటి గుర్తులు రావు. చొక్కా జేబులో పాత క్యాసెట్ పెట్టె. మూత తీశాడు. ఖాళీ. అట్ట మీద నీలం సిరాతో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో రాసి ఉంది: "కుసుమ. తుఫాను పాట."

పక్కనున్న కానిస్టేబుల్‌కి అవి ముగ్గుల్లా కనిపించాయి. కొమురయ్య మాత్రం రెండుసార్లు చదివాడు.

*

1.20. మేకప్ గది. రెబెక్కా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గోళ్ళ సందుల్లో రక్తం ఇంకా ఉంది. కడుక్కోమని ఎవరూ చెప్పలేదు. ఆమెకి తోచలేదు.

"నేనుగూడ తెలుగోణ్ణేనమ్మా. జర నిదానంగ చెప్పు. మీ నాయన ఇక్కడికెందుకొచ్చిండు?"

తెలుగు వినగానే ఆమె అతని వైపు తిరిగింది. "గ్రేలింగ్ గారితో మాట్లాడతానన్నారండీ. వద్దు నాన్నా, మన మాట ఎవరు నమ్ముతారని చెప్పాను. వినలేదు."

"ఏం మాట?"

"ఆరో భాగంలో ఒక పాటుందండీ. అది మా అమ్మది."

కోనసీమలో వాళ్ళ ఊరు. తొంభై ఆరు తుఫానులో ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు అమ్మ కుసుమ, పిల్లల భయం పోవడానికి ఒక పాట కట్టింది. మరుసటేడు సుందర్ రాజు ఒక్కడే న్యూజిలాండ్ వచ్చాడు. ఫోన్ చేస్తే నిమిషానికి డాలర్లు. అందుకని ఉత్తరాలకి బదులు క్యాసెట్లు. కబుర్లన్నీ టేప్ రికార్డర్ ముందు కూర్చుని చెప్పేవాళ్ళు. ఒక క్యాసెట్‌లో కుసుమ ఆ పాట పాడి పంపింది. తొంభై ఎనిమిదిలో పచ్చకామెర్లతో పోయింది. ఈ దేశం చూడకుండానే పోయింది. ఆమె గొంతు మిగిలింది ఆ ఒక్క క్యాసెట్‌లోనే.

"ఆ క్యాసెట్ గ్రేలింగ్ చేతికెట్లా పోయింది?"

"నాన్న ముసలివాళ్ళని చూసుకునే రెస్ట్ హోమ్‌లో కేర్‌గివర్ అండీ. పోయినేడు చలికాలంలో గ్రేలింగ్ గారి అమ్మగారు అక్కడే ఉన్నారు. నిద్రపట్టకపోతే నాన్న ఆవిడకి ఆ పాట పెట్టేవారు. ఆవిడ పోయాక, 'మా అమ్మకి ఇష్టమైన పాట, ఒక వారం ఇవ్వండి' అని కొడుకు గ్రేలింగ్ గారే అడిగి తీసుకున్నారట. తిరిగిచ్చేశారు. జూన్‌లో మా రిహార్సల్స్ మొదలయ్యాక ఆ రాగం వినగానే నాకు ఒళ్ళు చల్లబడిపోయింది."

"మీ నాయన ఏం గావాలన్నడు? పైసలా?"

రెబెక్కా తలెత్తింది. ఆ చూపులో కోపముంది. "పైసా అడగలేదండీ. ప్రోగ్రామ్ పుస్తకంలో ఎక్కడో ఒక మూల మా అమ్మ పేరు వెయ్యమన్నారు. అంతే."

*

2.05. పీటర్ గ్రేలింగ్ నిలువునా పొడుగు. వెండి జుట్టు. మాట్లాడితే గొంతు పెరగదు. సంతాపం కూడా కొలిచి చెప్పాడు.

"పాపం. నేనాయన్ని ఎప్పుడూ కలవలేదు, సార్జెంట్."

"మీ అమ్మగారిని చూసుకున్నాడట."

"ఎంతోమంది చూసుకున్నారు. అందరి పేర్లూ నాకు తెలియవు."

"క్యాసెట్?"

"ఏ క్యాసెట్?"

"ఆరో భాగంలో పాట తన తల్లిదంటోంది ఆయన కూతురు."

గ్రేలింగ్ చిన్నగా నవ్వాడు. "అయిదే స్వరాల పాట. ప్రపంచంలో ఏ మూల జోలపాట తీసుకున్నా దీన్నే పోలి ఉంటుంది. టౌరంగా దగ్గర సముద్రం ఒడ్డున నాకొక ఇల్లుంది. చలికాలమంతా అక్కడ ఒంటరిగా కూర్చుని రాశాను. సాక్ష్యం కావాలంటే సముద్రాన్నే అడగాలి."

"11.55 నుంచి 12.15 దాకా ఎక్కడున్నారు?"

"జి వరసలో. ఒళ్ళో స్కోరు, చేతిలో స్టాప్‌వాచ్." స్వరాల పుస్తకం తెరిచి చూపించాడు. ఆరో భాగం మధ్యలో ఒక పేజీలో స్వరాలు లేవు. ఖాళీ గీతలు మాత్రమే. పక్కన పెన్సిల్‌తో తేదీలు, టైములు, ప్రతిసారీ ఒకే అంకె. చివరి వరస: '13 అక్టోబర్. 12.03. 19 సెకన్లు.'

"ఇక్కడ అందరూ ఆగిపోతారు. పందొమ్మిది సెకన్ల నిశ్శబ్దం. ప్రతి రిహార్సల్‌లో నేనే కొలుస్తాను. మునిగిపోతున్న వాళ్ళ నుంచి దేవుడు మొహం తిప్పుకున్న క్షణమది. ప్రదర్శనకి ముందే పత్రికలన్నీ దీని గురించే రాశాయి. నా రచనకి గుండె ఈ నిశ్శబ్దమే."

కొమురయ్యకి ఖాళీ గీతల్లో గుండె కనిపించలేదు. పేజీని ఫోటోకాపీ తీయించి ఫైల్లో పెట్టాడు. హాలంతా చీకటి. జి వరస వైపు ఎవరూ చూడలేదు. చూసినవాడు లేకపోతే కాదనేవాడూ లేడు.

అనుమానం వేరే మనిషి మీదకి వెళ్ళడానికి గంట కూడా పట్టలేదు.

నోయెల్. ఇరవై తొమ్మిదేళ్ళు. మగవాళ్ళ హెచ్చు గొంతుల టెనార్ వరసలో చివరి మనిషి. మౌంట్ రాస్కిల్‌లో సుందర్ రాజు ఇంట్లోనే ఒక గదిలో అద్దెకుంటాడు. అదే రెస్ట్ హోమ్‌లో పని. వర్క్ వీసా. ఆరో భాగంలో అతను ఒక్కడే పాడే అర నిమిషం సోలో ఉంది. మూడు నెలలుగా స్నానాల గదిలో, బస్‌స్టాప్‌లో, నిద్రలో అదే పాడుతున్నాడు.

11.35కి అదే మెట్ల దగ్గర సుందర్ రాజుతో అతను గొడవ పడటం ముగ్గురు చూశారు. క్యాసెట్ పెట్టె మీద అతని వేలిముద్రలున్నాయి.

"ఎందుకు కొట్లాడినవ్?" కొమురయ్య అడిగాడు.

"అంకుల్ ఇయ్యాల అందరిముందూ అడిగేస్తానన్నారు సార్. కచేరీ ఆగిపోతుంది, వద్దు అంకుల్ అన్నాను. నా సోలో పోద్దని భయపడ్డాను." నోయెల్ కళ్ళు తుడుచుకున్నాడు. "అదే ఆయనతో నా ఆఖరి మాట. నా స్వార్థం."

"ఆ తర్వాత?"

"స్టేజి మీదకెళ్ళిపోయాను. పాడాను. సోలో అయ్యాక మంచినీళ్ళకి బయటికొచ్చాను."

"ఎటు దిక్కు?"

"మెట్ల వైపు తలుపే సార్. కానీ ఆ పక్కకి తిరిగి చూడలేదు."

ఎంత నిజాయితీగా చెబితే అంత లోతుకి దిగబడిపోతున్నాడు. నూట అరవై మందిని వరసగా అడిగారు. ఆ ఇరవై నిమిషాల్లో మెట్ల దగ్గర ఎవరినైనా చూశారా? చూడలేదు. చూడలేదు. చూడలేదు. సాయంత్రం ఆరింటికి ఇన్‌స్పెక్టర్ తేల్చేశాడు. సోమవారం పొద్దున కోర్టులో నోయెల్ మీద హత్యానేరం. అప్పటిదాకా కస్టడీ.

"కోమ్, నీ దేశం వాడని మెత్తబడకు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

కొమురయ్యకి ఆ మాట చురుక్కున తగిలింది. సోమవారం దాటితే వీసా, ఉద్యోగం, వయసు, అన్నీ పోతాయి. ఆ కుర్రాడికి మిగిలింది ఒక్క ఆదివారం.

*

ఆదివారం పొద్దున 9.00. మౌంట్ రాస్కిల్.

ఇంటి ముందు చర్చి సంఘం వాళ్ళ కార్లు బారులు తీరి ఉన్నాయి. లోపల ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. వంటగదిలో కెటిల్ మరిగి మరిగి ఆగుతోంది. రెబెక్కా నల్ల గౌను వేసుకుని తయారుగా ఉంది. కచేరీ గౌను.

"ఇయ్యాల పాడతవా?"

"పాడతానండీ. నేను పాడకపోతే ఆ హాల్లో ఇది మా అమ్మ పాటని తెలిసి పాడే మనిషి ఒక్కరూ ఉండరు."

పెరట్లోకి నడిచారు. గాలి చల్లగా ఉంది. కొమురయ్య కాసేపు తటపటాయించాడు. "సంగీతం నాకు తెల్వదమ్మా. కానీ ఒక్కసారి ఆ పాట నాకు వినిపిస్తవా? మొత్తం."

రెబెక్కా కళ్ళు మూసుకుంది. గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"ఏరు ఇంట్లోకొచ్చింది, ఏమి పెట్టనమ్మా,
ఉప్పు తప్ప ఇంట్లోన ఒక్కటీ లేదమ్మా.
దీపమారితే ఆరనీ, చెయ్యి వదలకమ్మా,
తెల్లవారే దాకా నా పేరు పిలవమ్మా."

సంగీతం తెలియని వాడికి కూడా ఏడుపు తెలుస్తుంది.

"గ్రేలింగ్ దాంట్ల గూడ గిట్లనే ఉంటదా?"

"మాటలు ఇంగ్లీషండీ. రాగం ఇదే. మొదటి రెండు లైన్లూ అచ్చం ఇదే. తర్వాత ఆపేశారు. అక్కడ నిశ్శబ్దం వస్తుంది. ఆ తర్వాత నోయెల్ సోలో. క్యాసెట్‌లో లాగే..."

ఆమె ఆగిపోయింది.

"క్యాసెట్ల లాగ అంటే ఏందమ్మా?"

"అన్నయ్యగారూ..." అంది. అప్పటిదాకా ఏ వరసా పెట్టి పిలవని మనిషి. "క్యాసెట్‌లో ఆఖరి రెండు లైన్లూ లేవు. చెరిగిపోయాయి. నాన్నే చెరిపేశారు."

పోయినేడు మే నెల, ఇక్కడ చలికాలం మొదలయ్యే రోజులు. రెస్ట్ హోమ్‌లో డ్యూటీ. చేతులకి గ్లవ్స్. మధ్యలో ఆపిన పాటకి మళ్ళీ ప్లే నొక్కబోయి రికార్డ్ బటన్ కూడా కలిపి నొక్కేశాడు సుందర్ రాజు. ఆ టేప్ రికార్డర్ మైకు ఎప్పుడో పాడైపోయింది. కొత్తగా ఏ చప్పుడూ ఎక్కలేదు. ఉన్నది మాత్రం పోయింది. పొరపాటు తెలుసుకుని ఆపేసరికి కుసుమ ఆఖరి రెండు వరసలూ చెరిగిపోయి, ఖాళీ మిగిలింది; దాని తర్వాత మళ్ళీ ఆమె కబుర్లు.

"ఆ రోజు ఇంటికొచ్చి చిన్నపిల్లాడిలా ఏడ్చారండీ. నా చేత్తో నేనే చంపుకున్నానన్నారు. మాకు పాట మొత్తం నోటికొచ్చు. నాన్న పాడితే నాలుగు లైన్లూ పాడతారు. నోయెల్ పాడినా అంతే. ఖాళీ ఉండేది క్యాసెట్‌లోనే. అయిదు నెలలుగా ఆ నిశ్శబ్దంలో నిలబడుతున్నాను. ఒక్కసారి కూడా తట్టలేదు. ఖాళీని ఎవరు వింటారండీ?"

కొమురయ్య చేతి గడియారం విప్పాడు. "ఆ ఆఖరి రెండు లైన్లు మళ్ళ పాడు. మీ అమ్మ ఎంత నిదానంగ పాడిందో అంతే నిదానంగ."

ఆమె పాడింది.

పాట ఆగినప్పుడు ముల్లు ఎక్కడుందో చూశాడు. మళ్ళీ పాడించాడు. మళ్ళీ చూశాడు.

పందొమ్మిది సెకన్లు.

దేవుడు మొహం తిప్పుకోలేదు. ఒక ముసలాయన వేలు జారింది. ఆ పొరపాటుని కూడా వదలకుండా కాజేసి, దానికి పేరు పెట్టి, పత్రికల్లో పొగిడించుకున్నాడు గ్రేలింగ్.

కానీ అది దొంగతనానికి రుజువు. హత్యకి కాదు.

*

11.00. రేడియో స్టేషన్.

శనివారం రిహార్సల్ మొత్తాన్ని రేడియో వాళ్ళు రికార్డ్ చేశారు. హాల్లో వేలాడదీసిన మైకులు ఎనిమిది. నిశ్శబ్దం నిజంగానే పందొమ్మిది సెకన్లు ఉందా లేదా, అదొక్కటి సరిచూసుకుందామని వెళ్ళాడు కొమురయ్య. ఇంజనీర్ కంప్యూటర్ తెర మీద సౌండ్ గీత పరిచాడు.

"ఇదిగో, 12.03. ఇక్కడ మొదలు. ఇక్కడ పూర్తి." ఇంజనీర్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "వింతగా ఉందే. ముప్పై ఆరు సెకన్లుంది."

"పందొమ్మిది కాదా?"

"కాదు. ముప్పై ఆరు."

"వాల్యూమ్ పెంచు."

మొదట ఏమీ లేదు. రెండు వందల నలభై మంది ఊపిరి బిగబట్టి నిలబడిన చప్పుడు మాత్రమే. పది. పన్నెండు. పదిహేను.

పదిహేడో సెకను దగ్గర, ఎక్కడో దూరంగా, పైనుంచి కిందికి, వరసగా నాలుగు దెబ్బలు. చివర ఒకటి బరువుగా.

ఇంజనీర్ చెయ్యి ఆపే బటన్ మీదకి వెళ్ళింది.

"ఆపకు," అన్నాడు కొమురయ్య.

మళ్ళీ నిశ్శబ్దం. ఇంకో పందొమ్మిది సెకన్లు. వెంటనే ఒక్క గొంతు, ఒంటరిగా, స్వచ్ఛంగా లేచింది. నోయెల్ సోలో.

కొమురయ్య బయటికొచ్చి, గాయకులనీ వాయిద్యాలనీ చేతి సైగలతో నడిపించే కండక్టర్‌కి ఫోన్ చేశాడు.

"అవును, చప్పుడైంది," అన్నాడు కండక్టర్. "ఎవరో పెట్టె పడేశారనుకున్నాను. నిశ్శబ్దం పాడైంది. చెయ్యి దించకుండా మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. కోరస్ ఊపిరాడక నన్ను తిట్టుకుని ఉంటారు."

"నిన్న మాకెందుకు చెప్పలేదు?"

"ఎవరినైనా చూశారా అని అడిగారు. ఏమైనా విన్నారా అని ఎవరూ అడగలేదు, సార్జెంట్."

కొమురయ్య నుదురు కొట్టుకున్నాడు. పాడేవాళ్ళని పట్టుకుని కళ్ళ గురించి అడిగాడు. చెవుల గురించి అడగలేదు. ఈ తప్పు ఇంకెవరి మీదా నెట్టడానికి లేదు.

ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్‌లోనే రికార్డింగ్ వినిపించాడు. గ్రేలింగ్ పేజీలో రాసుకున్న అంకె కూడా చెప్పాడు. "కుర్రాణ్ణి వదిలేయ్. గ్రేలింగ్ ఎక్కడున్నాడో చూడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

*

మధ్యాహ్నం 3.40. ఇంటర్వెల్.

అయిదు భాగాలు అయిపోయాయి. బయట జనం కాఫీ తాగుతూ మెచ్చుకుంటున్నారు. లోపల గ్రీన్ రూమ్‌లో తలుపు మూసి ఉంది. కండక్టర్, మార్గరెట్, రెబెక్కా, గ్రేలింగ్. తలుపు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ళు. ఒక మూల నోయెల్. అరగంట క్రితమే కస్టడీ నుంచి తెచ్చారు. మొహం పీక్కుపోయింది. కచేరీ కోటు నలిగిపోయింది.

"అయిదు నిమిషాలే," అన్నాడు గ్రేలింగ్. "ఆరో భాగం మొదలవ్వాలి."

"మొదలవుతుంది," అన్నాడు కొమురయ్య. "మిస్టర్ గ్రేలింగ్, నిన్న నిశ్శబ్దం ఎంతసేపు?"

"చెప్పాను కదా. పందొమ్మిది సెకన్లు."

"మీరే కొలిచారా?"

"నా చేత్తో. జి వరసలో కూర్చుని."

కొమురయ్య కండక్టర్ వైపు చూశాడు. "సార్?"

"ముప్పై ఆరు," అన్నాడు కండక్టర్.

గ్రేలింగ్ పెదవుల మీద నవ్వు అలాగే ఉంది. కళ్ళల్లోంచి మాత్రం తప్పుకుంది.

"హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ అది దాదాపు రెట్టింపు సాగింది. స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్న మీ ఒక్కరికే సాగలేదు. ఎందుకంటే మీరు అక్కడ లేరు. పైన గ్యాలరీ మెట్ల దగ్గర ఉన్నారు. ఎప్పుడూ రాసే అంకెనే రాసేశారు. పదిహేడో సెకను దగ్గర సుందర్ రాజు పడ్డాడు. ఆ చప్పుడుకి కండక్టర్ గారు లెక్క మళ్ళీ మొదలుపెట్టారు. ఆ నిశ్శబ్దాన్ని సాగదీసింది మీరు చేసిన పనే. ఆ సంగతి మీకే తెలియలేదు."

"నోయెల్ కూడా..."

"చప్పుడైన పందొమ్మిది సెకన్లకి నోయెల్ స్టేజి మీద పాడుతున్నాడు. రేడియో వాళ్ళ దగ్గర గొంతుంది."

నోయెల్ గోడకి జారగిలబడిపోయాడు. మార్గరెట్ వెళ్ళి భుజం పట్టుకుంది.

"ఇంకొకటి," అన్నాడు కొమురయ్య. "ఆ నిశ్శబ్దం మీది కాదు. క్యాసెట్‌లో చెరిగిపోయిన రెండు వరసల జాగా అది. ఇంట్లోవాళ్ళు పాడగా పాట విన్నవాళ్ళెవరికీ ఆ ఖాళీ తెలియదు. క్యాసెట్ విన్నవాడికే తెలుసు."

గ్రేలింగ్ మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. ఆ క్షణంలో అతని భయం హత్య గురించి కాదని కొమురయ్యకి అర్థమైంది. "చెరిగిపోయిందా?" అన్నాడు. "అది... పొరపాటా?"

రెబెక్కా అవునని తలూపింది.

"నా చెయ్యి పట్టుకున్నాడు," అన్నాడు గ్రేలింగ్. "పేరు వెయ్యండి, పేరు వెయ్యండి అని ఒకటే మాట. కింద నిశ్శబ్దం మొదలైంది. ఇంకా గుసగుసగా అడుగుతూనే ఉన్నాడు. నా నిశ్శబ్దం పాడవుతోంది. చేతిలో క్యాసెట్ లాక్కుని మణికట్టు విదిలించి తోశాను."

"తోశాక చూశావా?" రెబెక్కా ఇంగ్లీషులో అడిగింది. గొంతులో వణుకు లేదు.

గ్రేలింగ్ తల దించుకున్నాడు. "అవతలి మెట్ల మీంచి దిగి వెళ్ళిపోయాను."

"డాక్టర్ రిపోర్టులో ఉంది. పడ్డాక అయిదారు నిమిషాలు బతికే ఉన్నారట. నేను నర్సుని. నలభై మీటర్ల దూరంలో నిలబడి ఉన్నాను. నీ నిశ్శబ్దం పాడవకూడదని ఊపిరి కూడా పీల్చకుండా నిలబడ్డాను."

కొమురయ్య కిటికీ వైపు తిరిగాడు. పదకొండేళ్ళ సర్వీసులో నిందితుణ్ణి కొట్టాలనిపించడం అదే మొదటిసారి.

"క్యాసెట్ ఎక్కడ?" అని అడిగాడు.

"హార్బర్‌లో పారేశాను. నిన్న సాయంత్రం. నా దగ్గరున్న కాపీ కూడా చెరిపేశాను."

రెబెక్కా ఒక్కసారి కళ్ళు మూసుకుంది. అమ్మ గొంతు ఇక ఎక్కడా లేదు. తండ్రి చావు తట్టుకున్న మనిషి ఆ ఒక్క మాటకి ఒరిగిపోతుందేమోనని నోయెల్ రెండడుగులు ముందుకేశాడు.

ఆమె ఒరగలేదు. కండక్టర్ ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఆ పందొమ్మిది సెకన్లు నాకివ్వండి," అంది.

కండక్టర్ ఆమెని చూశాడు, గ్రేలింగ్‌ని చూశాడు. వెళ్ళి నోయెల్ కోటు కాలర్ సరిచేశాడు. బయట రెండో బెల్ మోగింది.

*

గ్రేలింగ్‌ని వెనక తలుపు గుండా తీసుకెళ్ళారు. జనానికి తెలియదు. జి వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. అంతే.

కొమురయ్య వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. స్టేషన్‌కి వెళ్ళాలి. వెళ్ళలేకపోయాడు.

ఆరో భాగం నీళ్ళలా మొదలైంది. చెల్లోలు, డబుల్ బాస్‌లు, ఆ లావు గొంతు తీగ వాయిద్యాలన్నీ అడుగున కదిలాయి. నూట అరవై గొంతులూ ఒకటై పైకి పైకి లేచాయి. ఇళ్ళు మునుగుతున్నాయి. దీపాలు ఆరుతున్నాయి. ఎక్కడో పిల్లల గొంతులు. ఆ హోరు మధ్య కుసుమ మొదటి రెండు వరసలు, ఇంగ్లీషు మాటల్లో.

ఠక్కున ఆగింది.

కండక్టర్ కుడి చెయ్యి గాల్లో ఆగిపోయింది. వెయ్యిన్ని రెండు వందల మంది ఊపిరి బిగబట్టారు. ఆయన ఎడమ చెయ్యి నెమ్మదిగా సోప్రానోల వైపు చాచాడు.

మూడో వరసలో రెబెక్కా ఒక్కతే నోరు తెరిచింది.

"దీపమారితే ఆరనీ, చెయ్యి వదలకమ్మా..."

హాల్లో ఇద్దరు ముగ్గురికి తప్ప ఎవరికీ ఆ భాష తెలియదు. ఎవరూ దగ్గలేదు. ఎవరూ కదలలేదు. గొంతు పెద్దది కాదు. మధ్యలో ఒకచోట చీరింది కూడా. ఆమె ఆపలేదు.

"తెల్లవారే దాకా నా పేరు పిలవమ్మా."

చివరి అక్షరం ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే నోయెల్ గొంతు అందుకుంది. అతుకు కనిపించలేదు. కొమురయ్య గడియారం చూసుకోలేదు. చూడాల్సిన అవసరం లేదు.

కచేరీ అయ్యాక చప్పట్లు చాలాసేపు మోగాయి. మార్గరెట్ జనాన్ని తోసుకుంటూ అతని దగ్గరికొచ్చింది. చేతిలో ప్రోగ్రామ్ పుస్తకం. గ్రేలింగ్ పేరున్న పేజీ తెరిచి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పై వారం వెల్లింగ్టన్‌లో కచేరీ ఉంది. పుస్తకం మళ్ళీ అచ్చు వేయించాలి," అంది. "ఆవిడ పేరేమిటి, సార్జెంట్?"

కొమురయ్య ఆవిడ చేతిలో పెన్సిల్ తీసుకున్నాడు.

"కుసుమ," అన్నాడు. ఆ పేజీ పైభాగాన ఒక్కో అక్షరం పెద్దదిగా రాసిచ్చాడు.